ఇంట్లో షుగర్ మిషన్‌తో కరెక్ట్ రీడింగ్ రావాలంటే ఎలా చేయాలి

ఇంట్లో షుగర్ మిషన్ ఉన్నవాళ్లంతా బయోసెన్సర్ వాడుతున్నట్టే, ఆ మాట ఎప్పుడూ వినకపోయినా సరే. బయోసెన్సర్ అంటే ఎంజైమ్ లాంటి జీవ పదార్థం సాయంతో కొలిచే సాధనం, ఎక్కడో పెద్ద ల్యాబుల్లో ఉండేదేం కాదండీ, మీరు ఒక్కసారి వాడి పారేసే ఆ చిన్న స్ట్రిప్పే అసలు సెన్సర్, చేతిలో ఉండే మిషన్ దాన్నుంచి వచ్చే కరెంటుని కొలిచి నంబర్ చూపిస్తుంది అంతే. 2023లో బయటికొచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు, ఇంక ఇంటికో మిషన్ ఉండటంలో వింతేముంది. కానీ ఎవర్ని కదిలించినా ఒకటే మాట, "ఈ మిషన్ తప్పు చూపిస్తోందండీ, ల్యాబ్‌లో ఒకటొస్తే దీన్లో ఇంకోటొస్తోంది" అని. నన్నడిగితే చాలాసార్లు తప్పు మిషన్‌ది కాదు, రక్తం చుక్క స్ట్రిప్‌కి తగలకముందు ఆ రెండు నిమిషాల్లో మనం చేసే పనులదే. అందుకే మొదట్నుంచీ వరసగా చెప్తాను.

ముందు లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతటవే అర్థమవుతాయి. ఒక స్ట్రిప్ తీసి వెలుతురులో పెట్టి చూడండి, ఒక చివర నల్లగానో వెండి రంగులోనో సన్న గీతలుంటాయి, అవి మిషన్‌లోకి వెళ్లే వైపు. రెండో చివర అంచున సన్నటి చీలిక ఉంటుంది, రక్తాన్ని లోపలికి లాక్కునేది అదే. ఆ చీలిక వెనక ఎంజైమ్ పూత, అంటే ఏదో ఒక పదార్థం మీదే పనిచేసే ప్రొటీన్ పూత ఉంటుంది, కొన్ని స్ట్రిప్పుల్లో గ్లూకోజ్ ఆక్సిడేజ్, కొన్నిట్లో గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్. రక్తంలో ఇంకేమున్నా ఈ ఎంజైమ్ దాదాపు ఎప్పుడూ గ్లూకోజ్‌నే వెతికి పట్టుకుని దాన్నుంచి ఎలక్ట్రాన్లు లాగుతుంది, వాటిని ఇంకో కెమికల్ మోసుకెళ్లి ఎలక్ట్రోడ్‌కి, అంటే స్ట్రిప్‌లో కరెంటు పారే పూతకి ఇస్తుంది, దాంతో చాలా చిన్న కరెంటు పుడుతుంది, గ్లూకోజ్ ఎంత ఎక్కువుంటే కరెంటు అంత ఎక్కువ. ఈ ఐడియా 1962లో అమెరికాలో లీలాండ్ క్లార్క్ అనే ఆయనది, ఆక్సిజన్ కొలిచే ఎలక్ట్రోడ్ మీద ఎంజైమ్ పెడితే గ్లూకోజ్ కూడా కొలవొచ్చని చెప్పాడు. అది జేబులోకి రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది, ఇంగ్లండ్‌లో క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఆ ఎలక్ట్రాన్లు మోసే కెమికల్ సంగతి తేల్చాక 1987లో మెడిసెన్స్ అనే కంపెనీ పెన్ను సైజు మీటర్ అమ్మకానికి తెచ్చింది. ఇవాళ మనం వాడేవన్నీ దాదాపు ఆ దారిలో వచ్చినవే.

మిషన్ కొనేటప్పుడు

మెడికల్ షాపులో మిషన్ రేటు చూసి మురిసిపోకండి, కొన్ని కంపెనీలు మిషన్ దాదాపు ఊరికే ఇస్తాయి, డబ్బులన్నీ స్ట్రిప్పుల దగ్గర లాగుతాయి. అందుకని ముందు అడగాల్సింది ఒక్కో స్ట్రిప్ ఎంత పడుతుంది, మా ఊళ్లో ఎప్పుడూ స్టాక్ ఉంటుందా అని. స్ట్రిప్పులు దొరక్క మిషన్ బీరువాలో మూలపడ్డ ఇళ్లు బోలెడు. డబ్బా మీద ఐఎస్ఓ 15197 అని ఉందో లేదో చూడండి, షుగర్ మిషన్ ఎంత కరెక్ట్‌గా చూపించాలో చెప్పే అంతర్జాతీయ రూల్ అది, పక్కన 2013 అని ఉంటే ఇంకా మంచిది. కోడ్ కొట్టాల్సిన అవసరం లేని మిషన్ అయితే పెద్దవాళ్లకి సుఖం, పాత రకం అయితే కొత్త డబ్బా తెరిచినప్పుడల్లా డబ్బా మీది కోడూ స్క్రీన్ మీది కోడూ ఒకటేనా అని చూసుకోవాలి, లేకపోతే నంబర్ తేడా వస్తుంది. అంకెలు పెద్దగా కనపడతాయా అన్నది కూడా చూడండి, నాన్నగారు కళ్లజోడు వెతుక్కోకుండా చదవగలగాలి కదా.

స్ట్రిప్పులు దాచడం

దీని మీద ఎవరూ పెద్దగా శ్రద్ధ పెట్టరు గానీ మన ఎండలకి ఇది చాలా ముఖ్యం. స్ట్రిప్ మీదున్న ఎంజైమ్ బతికున్న జీవుల్లోంచి తీసిన ప్రొటీన్, వేడికీ తేమకీ పాడవుతుంది. చాలా కంపెనీలు 30 డిగ్రీల లోపు ఉంచమంటాయి, మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయట 45 దాకా పోతుంటే బండి డిక్కీలో పెట్టిన స్ట్రిప్పుల గతేంటో మీరే ఆలోచించండి. కారు డాష్‌బోర్డు, వంటగదిలో పొయ్యి పక్క అల్మారా, బాత్‌రూమ్ అరమర, ఇవేవీ వద్దు. అలాగని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు, అదీ వద్దు, బయటికి తీసి మూత తెరవగానే లోపల తేమ పడుతుంది. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో బీరువాలోనో సొరుగులోనో పెట్టండి చాలు.

స్ట్రిప్పులొచ్చిన డబ్బా లోపల తేమ పీల్చే మందు ఉంటుంది, అందుకే వాటిని వేరే కవర్లోకి మార్చకూడదు, ఒకటి తీసిన వెంటనే మూత టక్‌మని నొక్కెయ్యాలి. డబ్బా తెరిచిన రోజు తేదీ పెన్నుతో దాని మీదే రాసెయ్యండి, చాలా బ్రాండ్లు తెరిచాక 3 నెలల్లో వాడెయ్యమంటాయి, కొన్ని ఎక్స్‌పైరీ దాకా పర్లేదంటాయి, మీది ఏదో లోపలి కాగితంలో ఉంటుంది. డబ్బా మీద అనుమానమొస్తే కంట్రోల్ సొల్యూషన్ అని ఒక చిన్న సీసా దొరుకుతుంది, రక్తం బదులు దాని చుక్క పెడితే డబ్బా మీద అచ్చేసిన రేంజ్‌లో నంబర్ రావాలి, రాకపోతే ఆ డబ్బా పక్కన పడెయ్యండి.

చేతులు కడుక్కోవడం

ఇదొక్కటి సరిగ్గా చేస్తే సగం గొడవ తీరిపోతుంది. చిన్న లెక్క చెప్తా చూడండి. ఇప్పటి మిషన్లకి కావాల్సిన రక్తం అర మైక్రోలీటరు అటూ ఇటూ. షుగర్ 100, అంటే డెసిలీటరు రక్తంలో 100 మిల్లీగ్రాములు, ఉన్నవాళ్ల అర మైక్రోలీటరు రక్తంలో ఉండే గ్లూకోజ్ అర మైక్రోగ్రామ్, అంటే గ్రాములో ఇరవై లక్షల వంతు. మీ వేలి మీద అంతకి అంత గ్లూకోజ్ అంటుకుని ఆ చుక్కలో కలిస్తే స్క్రీన్ మీద 200 వస్తుంది. బంగినపల్లి కోసి ముక్కలు చేసిన చేతికి ఎంత అంటుకుని ఉంటుందో ఇంక చెప్పక్కర్లేదు, రసాలు పిండుకుని తిన్నాకైతే అసలే వద్దు. 2011లో జపాన్‌లో సరిగ్గా ఇదే చూశారు, పండ్లు ఒలిచిన చేత్తో కడుక్కోకుండా టెస్ట్ చేస్తే షుగర్ లేనివాళ్లకి కూడా విపరీతమైన నంబర్లొచ్చాయి, స్పిరిట్ దూదితో తుడిచినా పూర్తిగా పోలేదు, నీళ్లతో కడిగితేనే సరైన నంబర్ వచ్చింది.

కాబట్టి స్పిరిట్ కాదు, సబ్బూ నీళ్లూ. కడిగాక శుభ్రమైన టవల్‌తో పూర్తిగా ఆరేలా తుడుచుకోవాలి, తడి వేలి మీద చుక్క పలచబడి నంబర్ తక్కువొస్తుంది. ప్రయాణంలో నీళ్లు లేక స్పిరిట్ దూదే వాడాల్సి వస్తే అది ఆరేదాకా ఆగి, మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క పెట్టండి. చేతులు కడిగితే మాత్రం మొదటి చుక్కే వాడొచ్చు, వృథా చెయ్యక్కర్లేదు.

సూది గుచ్చడం

చెయ్యి కాసేపు కిందికి వేలాడదీసి అరచేతి వైపు నుంచి వేలి చివరికి రెండు మూడుసార్లు మెల్లగా నిమిరితే రక్తం దిగుతుంది. చలికాలం పొద్దున్నే చేతులు గడ్డకట్టినట్టుంటే గోరువెచ్చటి నీళ్లతో కడగండి. ఉంగరం వేలు, మధ్య వేలు మంచివి. వేలి మధ్యలో మెత్తటి చోట గుచ్చొద్దు, నరాల చివర్లన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి నొప్పెక్కువ, ఫోన్ పట్టుకున్నప్పుడల్లా సలుపుతుంది. గోరుకి పక్కగా వేలి అంచున గుచ్చాలి. రోజూ ఒకే వేలు కాకుండా మారుస్తూ ఉండండి.

గుచ్చే పెన్ను మీద 1 నుంచి 5 దాకా నంబర్లుంటాయి, అది సూది ఎంత లోతు దిగాలో చెప్పేది. పల్చటి చర్మం ఉన్నవాళ్లకి 2 సరిపోతుంది, పొలం పనులు చేసి చేతులు కాయలు కాసినవాళ్లకి 4 పెట్టినా చుక్క రావడం కష్టమే, వాళ్లు 2లో పెట్టుకుని రక్తం రాట్లేదని వేలిని నలిపేస్తుంటారు. అలా గట్టిగా పిండొద్దు, రక్తంతో పాటు కండలోని నీరు కూడా కలిసొచ్చి రీడింగ్ తప్పుతుంది. లోతు ఒక నంబర్ పెంచి ఇంకోసారి గుచ్చుకోవడమే నయం.

సూది ఒకసారికే. ఒక్కో సూదిని నెల రోజులు వాడేవాళ్లని చూస్తుంటాం, మొన అరిగిపోయి ప్రతిసారీ నొప్పి ఎక్కువవుతుంది తప్ప మిగిలేది రెండు రూపాయలు. భార్యాభర్తలిద్దరికీ షుగర్ ఉన్నా సరే ఒకరి సూది ఇంకొకరు వాడటానికి వీల్లేదు, గుచ్చే పెన్ను కూడా ఎవరిది వాళ్లదే, హెపటైటిస్ బి లాంటివి కంటికి కనపడని రక్తంతో కూడా అంటుకుంటాయి.

చుక్క పెట్టడం

స్ట్రిప్‌ని ముందే మిషన్‌లో పెట్టి స్క్రీన్ మీద చుక్క బొమ్మ మిణుకుమనేదాకా ఆగి అప్పుడు గుచ్చుకోండి, గుచ్చుకున్నాక స్ట్రిప్ కోసం వెతుకుతుంటే చుక్క ఆరిపోతుంది. చాలామంది రక్తాన్ని స్ట్రిప్ మీద పైనుంచి పులుముతారు, అలా కాదు, స్ట్రిప్ అంచుని చుక్కకి ఆనించాలి, అది స్ట్రా లాగా తనంతట తనే సర్రున లాక్కుంటుంది, కిటికీ లాంటి చిన్న గడి పూర్తిగా ఎర్రబడాలి. సగమే నిండితే మళ్లీ వెనకాల నుంచి ఇంకో చుక్క పొయ్యకండి, కొన్ని బ్రాండ్లు మాత్రమే దానికి కొద్ది సెకన్లు టైమిస్తాయి, మిగతావాటిలో ఎర్రర్ వస్తుంది లేదా అంతకంటే దరిద్రంగా తప్పు నంబర్ వస్తుంది. 5 సెకన్లలో రిజల్ట్.

ఎప్పుడు చూసుకోవాలి

పరగడుపున అంటే రాత్రి తిన్నాక కనీసం 8 గంటలు, లేవగానే, కాఫీ టీ ఏమీ తాగకుండా. తిన్న తర్వాత అంటే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న టైమ్ నుంచి 2 గంటలు, చెయ్యి కడుక్కున్నప్పట్నుంచి కాదు. టెస్ట్ ఉందని ఆ పూట మాత్ర మానేసి తర్వాత నంబర్ చూసి గాబరా పడేవాళ్లున్నారు, రోజూ వేసుకునే మాత్ర వేసుకుని రోజూ తినేదే తిని చూసుకుంటేనే కదా ఆ మందు పనిచేస్తోందో లేదో తెలిసేది.

ఇన్సులిన్ మీద లేనివాళ్లు రోజూ పొద్దున్నే ఒక్క పరగడుపు నంబర్ చూసి డైరీలో రాసుకోవడం వల్ల పెద్దగా ఏం తెలియదని నా అభిప్రాయం. దానికంటే జంటగా చూడండి, టిఫిన్ ముందొకటి, 2 గంటల తర్వాత ఒకటి. ఇవాళ నాలుగు ఇడ్లీలకి ఎంత పెరిగింది, ఇంకో రోజు పెసరట్టుకి ఎంత పెరిగింది, అదే భోజనం చేసి ఇరవై నిమిషాలు నడిస్తే ఎంత తగ్గింది, ఇలా చూస్తే ఖర్చు పెట్టిన స్ట్రిప్పుకి విలువ. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గర్భిణీలు మాత్రం డాక్టరు చెప్పినన్నిసార్లూ చూసుకోవాల్సిందే, అందులో పిసినారితనం వద్దు.

నంబర్ ఎలా చదవాలి

ఇందాక చెప్పిన ఐఎస్ఓ రూల్ ఏమంటుందంటే, షుగర్ 100 లోపు ఉంటే నూటికి 95 రీడింగులు ల్యాబ్ విలువకి 15 అటూ ఇటూలో ఉండాలి, 100 దాటితే 15 శాతం అటూ ఇటూ. అంటే అసలు షుగర్ 200 ఉన్నప్పుడు మీ మిషన్ 170 చూపించినా 230 చూపించినా అది పాసైన మిషనే. కాబట్టి ఒక వేలికి 148, పక్క వేలికి 161 వస్తే మిషన్ పాడైందని విసిరికొట్టకండి.

ల్యాబ్‌తో పోల్చాలనుకుంటే పరగడుపునే పోల్చండి, ల్యాబ్‌లో రక్తం తీసిన ఐదు నిమిషాల్లోపు అక్కడే మీ మిషన్‌తో చూసుకోండి. తిన్న తర్వాత పోలిస్తే లెక్క కుదరదు, ఎందుకంటే వేలి రక్తంలో గ్లూకోజ్ చేతి నరం రక్తంలో కంటే ఎక్కువుంటుంది, ఆ టైమ్‌లో 20, 30 తేడా మామూలే. ఇంకోటి, ల్యాబ్‌ది ఎప్పుడూ కరెక్టని కూడా అనుకోవద్దు, ట్యూబులో ఉన్న రక్త కణాలు గ్లూకోజ్ తింటూనే ఉంటాయి, గంటకి 5 నుంచి 7 శాతం దాకా పడిపోతుంది, అందుకే షుగర్‌కి బూడిదరంగు మూత ట్యూబు వాడతారు, అందులోని ఫ్లోరైడ్ ఆ తినడాన్ని ఆపుతుంది, అదీ వెంటనే ఆపదు, కాస్త టైమ్ పడుతుంది. ఇంటికొచ్చి తీసుకెళ్లిన శాంపిల్ మధ్యాహ్నం దాకా బండి మీద తిరిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

రక్తం తక్కువున్నవాళ్లు ఇది గమనించాలి, మన ఆడవాళ్లలో ఎనీమియా ఎంత ఎక్కువో తెలిసిందే. ఎర్ర రక్త కణాలు తగ్గితే చాలా మిషన్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి, అంటే అసలు 65 ఉండి కళ్లు తిరుగుతుంటే స్క్రీన్ మీద 80 కనపడి బానే ఉందనుకునే ప్రమాదం ఉంది. అందుకే చెమటలు, వణుకు, గుండె దడ ఉంటే నంబర్‌ని కాదు ఒంటిని నమ్మండి. పెద్ద డోసులో విటమిన్ సి ఎక్కించుకుంటున్నవాళ్లకి కూడా కొన్ని మిషన్లు ఎక్కువ చూపిస్తాయి, ఆ విటమిన్ కూడా ఎలక్ట్రోడ్‌కి ఎలక్ట్రాన్లు ఇస్తుంది మరి. పొట్టలో చేసే డయాలసిస్ మీద ఉన్నవాళ్లు మీ మిషన్ పనికొస్తుందో లేదో డాక్టర్నడిగాకే వాడండి, ఆ ద్రవాల్లో ఒక రకాన్ని కొన్ని స్ట్రిప్పులు గ్లూకోజే అనుకుంటాయి.

షుగర్ ఉందా లేదా అని తేల్చడానికి మాత్రం ఈ మిషన్ వాడకూడదు. మిషన్‌లో పరగడుపున 126 దాటుతుంటే ల్యాబ్‌కి వెళ్లి నరం రక్తంతో చూపించుకోండి, దాంతో పాటు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఏ1సి కూడా చేయించండి, అది 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే షుగర్ కిందే లెక్క, 5.7 నుంచి 6.4 అయితే అంచున ఉన్నట్టు. ఐరన్ తక్కువున్నవాళ్లకి అదీ కాస్త ఎక్కువ రావొచ్చు, డాక్టరుకి ఆ మాట చెప్పండి.

తక్కువొస్తే, ఎక్కువొస్తే

70 లోపు వస్తే ఇంక ఆలోచించొద్దు. మూడు నాలుగు టీస్పూన్ల పంచదారో గ్లూకోజ్ పొడో నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అదే. ఇక్కడొక మెలిక ఉంది, మన దగ్గర చాలామంది వేసుకునే కాంబినేషన్ మాత్రల్లో వోగ్లిబోస్ ఉంటుంది, కొందరికి అకార్బోస్ ఇస్తారు, ఇవి పంచదారని పేగుల్లో విరగనివ్వకుండా ఆపే మందులు, అందుకని వీళ్లకి పంచదార నీళ్లు ఇచ్చినా షుగర్ త్వరగా లేవదు, గ్లూకోజ్ పొడే కావాలి. మీ మాత్ర అట్ట తిప్పి ఆ పేర్లున్నాయేమో ఇవాళే చూసుకుని, ఉంటే ఒక గ్లూకోజ్ ప్యాకెట్ ఇంట్లో, ఒకటి బ్యాగులో పెట్టుకోండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, 108కి ఫోన్ చెయ్యండి.

చాలా మిషన్లలో 600 దాటితే నంబర్ రాదు, హై అనే అర్థంతో ఇంగ్లీషు అక్షరాలొస్తాయి. అలా వస్తే చేతులు మళ్లీ కడిగి కొత్త స్ట్రిప్‌తో ఇంకోసారి చూసి, అదే వస్తే ఆ రాత్రికి ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్లాలి. ఇన్సులిన్ మీదున్న పిల్లలకి షుగర్ బాగా ఎక్కువుండి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే నంబర్ 600 దాకా పోయేదాకా చూడకండి, వెంటనే తీసుకెళ్లండి.

లండన్ నుంచో ఆస్ట్రేలియా నుంచో అబ్బాయి పంపిన మిషన్‌లో 7.8 అని వస్తే కంగారు పడకండి, అక్కడ మిల్లీగ్రాముల్లో కాదు మిల్లీమోల్స్‌లో లెక్కేస్తారు, దాన్ని 18తో గుణిస్తే మన లెక్కలో 140. అమెరికా నుంచి వచ్చిందైతే మన లెక్కే. ఏ దేశందైనా దాని స్ట్రిప్పులు ఇక్కడ దొరుకుతాయో లేదో ముందు కనుక్కోండి.

చేతికి అతికించుకుని 14 రోజులుంచుకునే సెన్సర్ల గురించి కూడా అడుగుతుంటారు. లోపల ఉన్నది అదే రకం ఎంజైమ్, కాకపోతే అది కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే నీటిని, అందుకని తిన్నాక షుగర్ గబగబా మారుతున్నప్పుడు అది 5, 10 నిమిషాలు వెనకబడి ఉంటుంది. దాంట్లో తక్కువ చూపించి మీకు ఒంట్లో బానే ఉంటే, లేదా బానే చూపించి మీకు వణుకొస్తుంటే, వేలి రక్తంతో ఒకసారి చూసుకోండి. ఇన్సులిన్ రోజుకి నాలుగుసార్లు వేసుకునేవాళ్లకి ఆ ఖర్చు దండగ కాదు, మాత్రలతో నడుస్తున్నవాళ్లు ఎప్పుడైనా ఒక్క సెన్సర్ పెట్టుకుని ఏ తిండికి ఎలా పెరుగుతోందో చూసుకుంటే చాలు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఉత్త నంబర్లు కాకుండా పక్కన టైమ్, తిన్నది, మాత్ర వేసుకున్నారా లేదా రాసుకెళ్లండి, మిషన్ కూడా తీసుకెళ్లండి, మెమరీలో అన్నీ ఉంటాయి గానీ గడియారం తప్పుగా సెట్ చేసి ఉంటే పొద్దుటిదేదో రాత్రిదేదో ఎవరికీ తెలియదు, బ్యాటరీ మార్చినప్పుడల్లా టైమ్ సరిచూడండి. వాడిన సూదులు చెత్త కవర్లో పడెయ్యకండి, పొద్దున్నే చెత్త వేరుచేసే వాళ్ల చేతులకి గుచ్చుకుంటాయి. ఖాళీ అయిన గట్టి ప్లాస్టిక్ సీసాలో వేస్తూ ఉండి, ముప్పావు వంతు నిండాక మూత బిగించి టేప్ చుట్టి, ల్యాబ్‌కో హాస్పిటల్‌కో వెళ్లినప్పుడు అక్కడ తీసుకుంటారేమో అడిగి ఇచ్చెయ్యండి.